పాత కంప్యూటర్‌కి కొత్త హార్డ్‌డిస్క్: ఏం చూసి కొనాలి, కొన్నాక ఏం చేయాలి

పాత సిస్టమ్‌లో హార్డ్‌డిస్క్ పోయింది, ఏ కంపెనీది కొనమంటారు అని అడిగేవాళ్లు ఇప్పటికీ చాలామందే ఉన్నారు. కంపెనీ పేరు ఒకటి చెప్పేసి ఊరుకోవచ్చు గానీ దానివల్ల మీకు ఒరిగేదేమీ లేదు. ఇవాళ హార్డ్‌డిస్కులు తయారుచేసేవి మూడే కంపెనీలు (సీగేట్, డబ్ల్యూడీ అని పిలిచే వెస్ట్రన్ డిజిటల్, తోషిబా), ఆ మూడింటిలోనూ మంచి మోడళ్లున్నాయి, మీ సిస్టమ్‌కి అస్సలు పనికిరాని మోడళ్లూ ఉన్నాయి.

కాబట్టి ముందు మీ కంప్యూటర్ ఏం తీసుకోగలదో తెలుసుకోండి, తర్వాత లేబుల్ మీద మోడల్ నంబరు చూసి కొనండి, కొన్న డిస్క్‌లో డేటా పెట్టకముందే దాన్ని బాగా పరీక్షించండి. ఇది సుమారు 2003 నుంచి 2014 మధ్య కొన్న డెస్క్‌టాప్‌లు, ల్యాప్‌టాప్‌ల కోసం రాసింది. అంతకన్నా కొత్తవాటిలో సగం తలనొప్పులు ఉండవు.

## 1. నిజంగా డిస్కే పోయిందా?

కొత్తది కొనేముందు ఇది తేల్చుకోవాలి. సిస్టమ్ నత్తనడక నడుస్తోంది, మధ్యలో ఆగిపోతోంది అంటే డిస్కే అయి ఉండాలని లేదు, కేబుల్ కావచ్చు, పవర్ సప్లై కావచ్చు.

విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో, లైనక్స్‌లో జీస్మార్ట్‌కంట్రోల్ ఉచితంగా దొరుకుతాయి. డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కల్ని (వీటినే స్మార్ట్ అంటారు) ఇవి చూపిస్తాయి. తెరిచి ఈ నాలుగు వరసలు చూడండి. బ్రాకెట్లో ఉన్నది క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో కనిపించే గుర్తు. అందులో విలువలు మామూలుగా హెక్సాలో (అంకెలు, ఇంగ్లిష్ అక్షరాలు కలిసిన లెక్కలో) వస్తాయి, సెట్టింగ్స్‌లో రా వాల్యూస్‌ని డెసిమల్‌కి మార్చుకుంటే చదవడం తేలిక.

- 5 (05), రీఅలొకేటెడ్ సెక్టర్లు: పాడైన చోటుని డిస్క్ పక్కన పెట్టి వేరే చోటు వాడుకున్న లెక్క. సున్నా ఉండాలి. ఏళ్లుగా అదే చిన్న అంకె దగ్గర ఆగి ఉంటే భయం లేదు, వారం వారం పెరుగుతుంటే డిస్క్ పని అయిపోయినట్టే.
- 197 (సీ5), పెండింగ్ సెక్టర్లు: చదవలేక డిస్క్ తడబడుతున్న చోట్లు. కరెంటు ఠక్కున పోయినప్పుడు కూడా ఒకటీ అరా వస్తాయి, ఆ చోట మళ్లీ రాస్తే సున్నాకి తిరిగి రావచ్చు.
- 198 (సీ6), అన్‌కరెక్టబుల్: ఇది సున్నా కాకపోతే కొత్త డిస్క్ కోసం చూడండి.
- 199 (సీ7), సీఆర్‌సీ ఎర్రర్లు: డిస్క్‌కీ బోర్డుకీ మధ్య డేటా వెళ్లేటప్పుడు దొర్లిన తప్పులు. ఇవి పెరుగుతుంటే అనుమానం కేబుల్ మీద. ముందు సాటా కేబుల్ (డిస్క్‌ని బోర్డుకి కలిపే సన్నటి డేటా కేబుల్) మార్చి చూడండి. డిస్క్ మార్చినా పాత కేబులే ఉంచితే అదే గోల మళ్లీ మొదలవుతుంది.

సీగేట్ డిస్కుల్లో 1, 7 వరసల్లో కోట్లలో అంకెలు కనిపిస్తే కంగారు పడకండి, వాళ్లు ఆ లెక్క రాసే పద్ధతే అంత. ఇది చూసి టెన్షన్ పడి మంచి డిస్కులు పారేసేవాళ్లు ఉన్నారు.

ఇంకో మాట, స్మార్ట్ అంతా బాగుందని చూపించినా డిస్క్ పోవచ్చు. 2007లో గూగుల్ తన దగ్గరున్న లక్షకు పైగా డిస్కుల మీద చేసిన పరిశీలనలో, చనిపోయిన వాటిలో మూడో వంతుకి పైగా డిస్కులు స్మార్ట్‌లో ఏ హెచ్చరికా చూపించకుండానే పోయాయి. అదే పరిశీలనలో మొదటి స్కాన్ ఎర్రర్ (డిస్క్ తనను తాను తనిఖీ చేసుకుంటూ పట్టుకున్న తప్పు) వచ్చిన డిస్క్, ఆ తర్వాతి 60 రోజుల్లో చనిపోయే అవకాశం ఏ ఎర్రరూ లేని దానికన్నా 39 రెట్లు ఎక్కువని తేలింది. అంటే హెచ్చరిక వస్తే నమ్మండి, రాకపోతే మాత్రం ధీమా పడకండి.

పవర్ సప్లై కూడా ఈ దశలోనే చూడాలి. బయోస్‌లో (విండోస్ కన్నా ముందు నడిచే బోర్డు సెట్టింగుల తెర) హార్డ్‌వేర్ మానిటర్ పేజీ ఉంటే 12 వోల్టుల లైను 11.4 నుంచి 12.6 మధ్య, 5 వోల్టుల లైను 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి. బయోస్ చూపించేది సుమారు లెక్కే, మల్టీమీటర్ ఉంటే దాన్నే నమ్మండి. డిస్కులు ఒకదాని వెనక ఒకటి పోతున్న సిస్టమ్‌లో ముందు మార్చాల్సింది పవర్ సప్లై.

## 2. డేటా బయటికి తీయండి, మిగతావన్నీ తర్వాత

పాత డిస్క్ ఇంకా కనిపిస్తోందంటే అది అదృష్టం, దాన్ని వాడుకోవాల్సింది ఇప్పుడే. చెక్‌డిస్క్ నడపకండి, డీఫ్రాగ్ చేయకండి, యాంటీవైరస్ స్కాన్ పెట్టకండి. పోతున్న డిస్క్‌తో ఎంత ఎక్కువ పని చేయిస్తే అంత త్వరగా పోతుంది.

వరస ఇలా పెట్టుకోండి:

- ముందు మళ్లీ దొరకనివి: ఫోటోలు, టాలీ డేటా, స్కాన్ చేసిన దస్తావేజులు, అను ఫాంట్లలో టైపు చేసుకున్న పాత ఫైళ్లు (ఫాంట్లతో సహా, లేకపోతే తర్వాత అక్షరాలు పిచ్చి గీతల్లా కనిపిస్తాయి).
- తర్వాత మెయిల్ ఫైళ్లు, బ్రౌజర్ బుక్‌మార్కులు, సాఫ్ట్‌వేర్ లైసెన్స్ కీలు.
- సినిమాలు, పాటలు చివర్లో.

మామూలు కాపీ మధ్యలో ఆగిపోతుంటే లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి డీడీరెస్క్యూ (పాడవుతున్న డిస్క్ నుంచి డేటా తీసే ప్రోగ్రాం) వాడండి. చదవగలిగినదంతా ముందు తీసేసి, మొండికేసిన చోట్లకి చివర్లో మళ్లీ వస్తుంది, ఎక్కడిదాకా వచ్చిందో మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టొచ్చు. మ్యాప్ ఫైల్ పెట్టడం మాత్రం మర్చిపోకండి. మూలం ఏది, గమ్యం ఏది అన్నది సీరియల్ నంబర్లతో సరిచూసుకున్నాకే ఎంటర్ నొక్కండి, తిరగేస్తే ఉన్నదీ పోతుంది.

టక్ టక్ మని చప్పుడు చేస్తుంటే వెంటనే కరెంటు తీసేయండి. ఫ్రిజ్‌లో పెట్టమనే చిట్కా జోలికి వెళ్లకండి, లోపల తేమ చేరి ప్లేట్లు పాడవుతాయి. ఆ డేటా విలువైనదైతే డేటా రికవరీ ల్యాబ్‌కి ఇవ్వడమే దారి, ఖర్చు మాత్రం గట్టిగానే ఉంటుంది.

## 3. మీ కంప్యూటర్ ఏం తీసుకోగలదు?

కనెక్టర్. కేసు తెరిచి చూడండి. వెడల్పాటి పట్టీ లాంటి 40 పిన్నుల కేబుల్ ఉంటే అది ఐడీఈ. సన్నగా, ఏడు పిన్నులతో ఉంటే సాటా. సాటాలో 1, 2, 3 తరాలున్నాయి, వేగం సెకనుకు సుమారు 150, 300, 600 ఎంబీ. కొత్త సాటా 3 డిస్క్ పాత పోర్టులో మామూలుగానే పనిచేస్తుంది, వేగం మాత్రం పోర్టుని బట్టి తగ్గుతుంది.

దీనికి ఒక మినహాయింపు ఉంది. వయా వీటీ8237 లాంటి పాత చిప్‌సెట్లున్న బోర్డులు కొత్త డిస్క్‌తో వేగం కుదుర్చుకోలేక దాన్ని అసలు గుర్తించవు. వెనక జంపర్ (రెండు పిన్నుల్ని కలిపే చిన్న మూత) పెట్టి వేగాన్ని 1.5 గిగాబిట్లకి దించే వీలున్న డిస్క్ అయితేనే పనిచేస్తుంది. బోర్డు మీద వయా అని కనిపిస్తే, వాపసు తీసుకుంటామన్న షాపులోనే కొనండి.

ఐడీఈ డిస్కులు ఇప్పుడు ఎవరూ తయారుచేయట్లేదు. కొత్త ఐడీఈ అని అమ్మేది దాదాపు ఎప్పుడూ పాతదాన్ని తుడిచి పెట్టిందే. దానికన్నా సాటా డిస్క్‌కి ఐడీఈ కన్వర్టర్ బోర్డు పెట్టుకోవడం మేలు. డెస్క్‌టాప్‌కి 40 పిన్నులది, ల్యాప్‌టాప్‌కి 44 పిన్నులది వేరువేరుగా ఉంటాయి.

సైజు. డెస్క్‌టాప్‌కి 3.5 అంగుళాలు, ల్యాప్‌టాప్‌కి 2.5 అంగుళాలు. ల్యాప్‌టాప్‌లో మందం కూడా చూడాలి: 7 ఎంఎం, 9.5 ఎంఎం, 12.5 ఎంఎం ఉంటాయి. 9.5 ఉన్నచోట 7 ఎంఎం డిస్క్ పడుతుంది, చిన్న స్పేసర్ ఫ్రేమ్ పెడితే కదలదు. పెద్ద కెపాసిటీ 2.5 అంగుళాల డిస్కులు కొన్ని 15 ఎంఎం మందం ఉంటాయి, అవి ఏ మామూలు ల్యాప్‌టాప్‌లోనూ పట్టవు.

కెపాసిటీ హద్దులు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

- 2002, 2003 నాటి బోర్డులు, సర్వీస్ ప్యాక్ లేని విండోస్ ఎక్స్‌పీ: 137 జీబీ దాటి చూడలేవు. బయోస్ అప్‌డేట్ ఉందేమో వెతకండి, ఎక్స్‌పీకి కనీసం సర్వీస్ ప్యాక్ 2 వేయండి.
- యూఈఎఫ్ఐ (బయోస్ స్థానంలో వచ్చిన కొత్త రకం) లేని మామూలు బయోస్ బోర్డులు: విండోస్ బూట్ డిస్క్‌గా 2.2 టీబీ వరకే వాడుకోగలవు. 32 బిట్ ఎక్స్‌పీ అయితే డేటా డిస్క్‌గా కూడా అంతకు మించి సరిగా చూడలేదు.
- పెట్టె మీద 4కేఎన్ అని ఉన్న సర్వర్ డిస్కులు: పాత సిస్టమ్‌కి వద్దే వద్దు. 512ఈ అని ఉంటే ఫరవాలేదు.

అందుకే నా సలహా, పాత డెస్క్‌టాప్‌కి 2 టీబీ దగ్గర ఆగిపోండి. 4 టీబీ కాస్త ఎక్కువకే వస్తోంది కదా అని తెచ్చుకుని, అందులో సగం వాడుకోలేక అవస్థపడేవాళ్లున్నారు.

కొనేముందు కాగితం మీద రాసుకోండి:

- బోర్డు మోడల్, సాటా పోర్టులు ఎన్ని ఖాళీ
- పవర్ సప్లైలో సాటా పవర్ కనెక్టర్ ఉందా
- సైజు, ల్యాప్‌టాప్ అయితే మందం
- ఏ విండోస్, ఏ సర్వీస్ ప్యాక్
- బయోస్‌లో సాటా మోడ్ (బోర్డు సాటా డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) ఐడీఈ అని ఉందా, ఏహెచ్‌సీఐ అని ఉందా (ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది)

## 4. హార్డ్‌డిస్కా, ఎస్ఎస్‌డీనా?

విండోస్ ఉండే డిస్క్‌గా అయితే ఎస్ఎస్‌డీ (తిరిగే ప్లేట్లు లేకుండా చిప్పుల్లో డేటా దాచే డిస్క్). ఇందులో నాకు రెండో మాట లేదు. హార్డ్‌డిస్క్ చిన్న చిన్న ఫైళ్ల కోసం సెకనుకు వంద, నూట యాభైసార్లు మాత్రమే అటూ ఇటూ పరుగెత్తగలదు, విండోస్ 10 నేపథ్యంలో చేసే పనులకి అది చాలదు, టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం అని ఎర్రగా కనిపించేది అందుకే. సాటా 2 పోర్టులో కూడా మామూలు 256 జీబీ ఎస్ఎస్‌డీ ఆ పాత సిస్టమ్‌ని మళ్లీ వాడుకునేలా చేస్తుంది.

హార్డ్‌డిస్క్ కొనాల్సింది ఎప్పుడంటే: ఫోటోలు, వీడియోలు, బ్యాకప్‌లు ఎక్కువ చోటు అడిగినప్పుడు, ఏళ్ల తరబడి బీరువాలో పెట్టి ఉంచే డేటా అయినప్పుడు (కరెంటు లేకుండా దాచిపెట్టడానికి ఎస్ఎస్‌డీ సరైంది కాదు), లేదా ఎక్స్‌పీ మీద నడిచే పాత మెషీన్ అయినప్పుడు. ఎక్స్‌పీకి ట్రిమ్ (తుడిచేసిన చోట్లు ఏవో డిస్క్‌కి చెప్పే ఆదేశం) తెలియదు, అది విండోస్ 7తో వచ్చింది. ట్రిమ్ లేకపోతే ఎస్ఎస్‌డీ క్రమంగా మందగిస్తుంది, అయినా చిన్న వాడకానికి నడిచిపోతుంది.

డెస్క్‌టాప్‌లో రెండూ పెట్టుకోవడం అన్నిటికన్నా మంచిది. ల్యాప్‌టాప్‌లో ఒక్కటే చోటుంటే ఎస్ఎస్‌డీ పెట్టి, డీవీడీ డ్రైవ్ తీసేసి ఆ చోట క్యాడీలో (డీవీడీ డ్రైవ్ ఆకారంలో ఉండే ఫ్రేమ్) హార్డ్‌డిస్క్ బిగించొచ్చు. క్యాడీలు 9.5, 12.7 ఎంఎం అని రెండు మందాల్లో వస్తాయి, మీ డీవీడీ డ్రైవ్ కొలిచి తెచ్చుకోండి.

## 5. మోడల్ నంబరు చదవడం

హార్డ్‌డిస్కుల్లో డేటా రాసే పద్ధతులు రెండు, సీఎంఆర్, ఎస్ఎంఆర్. సీఎంఆర్‌లో ట్రాకులు దేనికది విడిగా ఉంటాయి. ఎస్ఎంఆర్‌లో పెంకుటింటి పెంకుల్లా ఒకదాని అంచు మీదికి ఇంకొకటి వస్తుంది, కాబట్టి ఒక పెంకు మార్చాలంటే పైనున్నవన్నీ కదపాలి. చదవడానికి తేడా ఉండదు, ఒకసారి రాసి వదిలేసే ఫోటోల నిల్వకీ బాగానే ఉంటుంది. కానీ విండోస్ వేసినా, పెద్ద ఫైళ్లు తరచూ మార్చినా, రెయిడ్‌లో (కొన్ని డిస్కుల్ని కలిపి ఒకటిగా వాడే పద్ధతి) పెట్టినా గంటల తరబడి కూర్చోబెడుతుంది. చాలామంది దాన్ని డిస్క్ పాడైందనుకుంటారు.

డబ్బా మీద ఈ సంగతి సాధారణంగా రాయరు. 2020లో నాస్ (ఇంటి నెట్‌వర్క్‌లో పెట్టుకునే డిస్కుల పెట్టె) కోసం అమ్మే కొన్ని డబ్ల్యూడీ రెడ్ డిస్కులు ఎస్ఎంఆర్ అని బయటపడి పెద్ద గొడవైంది, ఆ తర్వాతే కంపెనీలు ఏ మోడల్ ఏ పద్ధతో తమ సైట్లలో పెట్టాయి. కొనేముందు మోడల్ నంబరు వెతికి ఆ పట్టికలో చూడండి. కొన్ని గుర్తులు:

- డబ్ల్యూడీ రెడ్ ప్లస్, రెడ్ ప్రో, సీగేట్ ఐరన్‌వుల్ఫ్: సీఎంఆర్. ప్లస్ లేని ఉత్త రెడ్: జాగ్రత్త.
- సీగేట్ బారాకుడా 1 టీబీ, ఎస్‌టీ1000డీఎం010: సీఎంఆర్. అదే బారాకుడా 2 టీబీ, ఎస్‌టీ2000డీఎం008: ఎస్ఎంఆర్. ఒకే పేరు, ఒకే ఆకుపచ్చ స్టిక్కరు.
- 2 టీబీ డెస్క్‌టాప్ డిస్క్‌కి కాషే (డిస్క్ లోపలి తాత్కాలిక మెమరీ) 256 ఎంబీ అని ఉంటే అది ఎస్ఎంఆర్ అయ్యే అవకాశం ఎక్కువ. కాషే ఎక్కువ ఉంటే మంచిదనుకుని అదే ఏరుకుంటారు పాపం.
- ల్యాప్‌టాప్ సైజులో ఇప్పుడు దొరికే 7 ఎంఎం 1 టీబీ, 2 టీబీ దాదాపు అన్నీ ఎస్ఎంఆరే. ల్యాప్‌టాప్‌కి ఎస్ఎస్‌డీ వైపు మొగ్గమనడానికి ఇదీ ఒక కారణం.
- కొన్నాక క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో హార్డ్‌డిస్క్‌కి ట్రిమ్ ఉన్నట్టు చూపిస్తే అది ఎస్ఎంఆర్ అని అర్థం.

వారంటీ కూడా కంపెనీ తన డిస్క్‌ని ఎంత నమ్ముతోందో చెబుతుంది. మామూలు బారాకుడా, డబ్ల్యూడీ బ్లూలకి 2 ఏళ్లు, రెడ్ ప్లస్, ఐరన్‌వుల్ఫ్‌లకి 3 ఏళ్లు, డబ్ల్యూడీ బ్లాక్‌కి 5 ఏళ్లు. పాత డెస్క్‌టాప్‌లో డేటా కోసం నన్నడిగితే 2 టీబీ రెడ్ ప్లస్ గానీ ఐరన్‌వుల్ఫ్ గానీ చెబుతాను. వేగంలో గొప్పవి కావు, కానీ మూడేళ్ల వారంటీ ఉంటుంది, సీఎంఆర్ అన్న భరోసా ఉంటుంది.

షాపులో అడిగితే సీసీటీవీ డిస్క్ ఇస్తామంటారు, 24 గంటలూ తిరుగుతుంది సార్ అంటారు. నిజమే, పనిచేస్తుంది కూడా, కానీ అది ఆగకుండా వీడియో రాసుకోవడానికి చేసినది, విండోస్ వేసుకోవడానికి కాదు. పైగా సెకండ్‌హ్యాండ్ వాటిని తుడిచి కొత్తవిగా అమ్మడం ఈ రకంలో బాగా జరుగుతుంది. తప్పనిసరైతే డేటా కోసం తీసుకోండి, కింద చెప్పిన పరీక్షలన్నీ చేయండి.

ఎస్ఎస్‌డీ అయితే ఇంత లోతు అక్కర్లేదు. పేరున్న కంపెనీ, కనీసం 3 ఏళ్ల వారంటీ, అంతే. పేరు ఎప్పుడూ వినని బ్రాండ్ 2 టీబీ ఎస్ఎస్‌డీ నమ్మలేనంత చవకగా కనిపిస్తే అది నకిలీ, లోపల చిన్న మెమరీ కార్డు పెట్టి పెద్ద కెపాసిటీ చూపిస్తారు.

## 6. కొనేటప్పుడు

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి వెళ్లినా, బెంగళూరు ఎస్పీ రోడ్డులో, చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా చూడాల్సినవి ఇవే.

మొదట పేరు. హిటాచీ, శాంసంగ్, మ్యాక్స్‌టర్ పేర్లతో హార్డ్‌డిస్క్ కొత్తది అని ఎవరైనా అమ్మితే తీసుకోకండి. మ్యాక్స్‌టర్‌ని 2006లో, శాంసంగ్ హార్డ్‌డిస్క్ విభాగాన్ని 2011లో సీగేట్ కొనేసింది, హిటాచీది 2012లో డబ్ల్యూడీ చేతికి వెళ్లింది. ఆ పేరు మీద ఇప్పుడు దొరికే లోపలి డిస్క్ ఎంత మెరుస్తున్నా పాతదే. శాంసంగ్ ఎస్ఎస్‌డీలు మాత్రం నిక్షేపంలా ఉన్నాయి, అవి వేరు.

తర్వాత సీరియల్ నంబరు. బిల్లు కట్టకముందే ఫోన్‌లో కంపెనీ వారంటీ పేజీ తెరిచి ఆ నంబరు కొట్టండి. మన దేశంలో వారంటీ ఉందని, గడువు ఇంకా పూర్తిగా ఉందని చూపించాలి. వేరే దేశపు సరుకనో, డెల్, హెచ్‌పీ లాంటి కంప్యూటర్ కంపెనీకి ఇచ్చిన డిస్క్ అనో వస్తే మీకు వారంటీ దొరకదు. ఆన్‌లైన్ అయితే పార్సెల్ విప్పుతున్నప్పుడు వీడియో తీస్తూ ఇదే పని చేయండి.

షాపులో సరిచూసుకోవాల్సినవి:

- యాంటీస్టాటిక్ కవరు సీలు చెక్కుచెదరకుండా ఉందా
- దిగుమతిదారు పేరు, చిరునామా, ఎంఆర్‌పీ ఉన్న స్టిక్కరు ఉందా
- లేబుల్ మీద తయారీ తేదీ
- స్క్రూ రంధ్రాల చుట్టూ గీతలు, సాటా కనెక్టర్ బంగారు రంగు పిన్నుల మీద అరుగుదల (ఒకసారైనా బిగించిన డిస్క్‌కి ఈ జాడ పోదు)
- జీఎస్టీ బిల్లులో సీరియల్ నంబరు రాశారా
- పరీక్షలో తేడా వస్తే ఎన్ని రోజుల్లో మారుస్తారు

బిల్లు లేకుండా ఇంత తగ్గిస్తాం అంటే ఆ తగ్గింపు వద్దని చెప్పండి.

రీఫర్బిష్డ్ అని చెప్పి, దానికి తగ్గ ధరకి, వారంటీ రాసిచ్చి అమ్మితే అందులో మోసం లేదు, రెండో బ్యాకప్ కాపీకి వాడుకోవచ్చు. ఉన్న ఒక్క డిస్క్‌గా మాత్రం వద్దు.

ఎక్స్‌టర్నల్ డిస్క్ చవకగా వస్తోంది, విప్పి లోపలిది వాడుకుందాం అనుకునేవాళ్లకి ఒక హెచ్చరిక: డబ్ల్యూడీ చిన్న పోర్టబుల్ డిస్కుల్లో చాలావాటికి యూఎస్‌బీ పోర్టు నేరుగా డిస్క్ బోర్డు మీదే అతికించి ఉంటుంది, సాటా కనెక్టరే ఉండదు. విప్పాక వారంటీ కూడా పోతుంది.

## 7. డేటా పెట్టకముందు పరీక్ష

ఈ దశ ఎవరూ చేయరు. మార్చుకోవడానికి గడువు ఉండేది మొదటి వారమే, కాబట్టి చేయాల్సింది ఇప్పుడే.

ఒకటి. డిస్క్ పెట్టగానే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిచి స్క్రీన్‌షాట్ తీయండి. 9వ వరసలో తిరిగిన గంటలు సున్నా లేదా ఒకటి రెండు ఉండాలి. 5, 197, 198 సున్నా ఉండాలి. అక్కడ కనిపించే సీరియల్, లేబుల్ మీది సీరియల్ ఒకటే కావాలి, తేడా ఉంటే స్టిక్కర్ మార్చినట్టే.

రెండు. సీగేట్ అయితే ఇంకో మెట్టు ఉంది. మామూలు స్మార్ట్ గంటల్ని సున్నా చేసి అమ్మేవాళ్లున్నారు, అయితే కొత్త సీగేట్ మోడళ్లలో ఫార్మ్ అనే వేరే లాగ్ ఉంటుంది. స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే ఉచిత ప్రోగ్రాం 7.4 వెర్షన్ నుంచి దాన్ని చదవగలదు. రెండు చోట్లా గంటలు సుమారుగా కలవాలి. 2025 మొదట్లో జర్మనీలో కొత్తవని అమ్మిన సీగేట్ డిస్కులు వేల గంటలు తిరిగినవని పట్టుబడింది ఇలాగే.

మూడు. క్విక్ ఫార్మాట్ టిక్కు తీసేసి పూర్తి ఫార్మాట్ చేయండి. విండోస్ విస్టా నుంచి పూర్తి ఫార్మాట్ డిస్క్ అంతటా సున్నాలు రాస్తుంది. 1 టీబీకి సాటాలో సుమారు రెండు గంటలు పడుతుంది. పాత యూఎస్‌బీ 2 ద్వారా చేస్తే ఎనిమిది గంటలు దాటుతుంది, రాత్రి పెట్టి పడుకోండి.

నాలుగు. సీగేట్ వాళ్ల సీటూల్స్ గానీ డబ్ల్యూడీ వాళ్ల టూల్ గానీ తెరిచి లాంగ్ టెస్ట్ పెట్టండి. షార్ట్ టెస్ట్ రెండు నిమిషాల్లో అయిపోతుంది, దాన్ని నమ్ముకుని ఆగిపోకండి.

ఐదు. మళ్లీ స్మార్ట్ చూసి మొదటి స్క్రీన్‌షాట్‌తో పోల్చండి. 5, 197, 198లో ఒక్కటి కదిలినా షాపుకి తీసుకెళ్లి మార్చుకోండి. ఒకటే కదా అని ఉంచుకోకండి. 199 కదిలితే కేబుల్ మార్చి మళ్లీ మొదటినుంచి.

బ్రాండ్ అనుమానంగా ఉన్న ఎస్ఎస్‌డీ, పెన్‌డ్రైవ్‌లకి హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రాం నడిపితే కెపాసిటీ నిజమో కాదో తేలిపోతుంది.

ఇక 1 టీబీ డిస్క్ విండోస్‌లో 931 జీబీ అని, 500 జీబీది 465 అని కనిపిస్తుంది. కంపెనీ వెయ్యితో, విండోస్ 1024తో లెక్కేయడం వల్ల వచ్చే తేడా అది, మోసం కాదు.

## 8. బిగించడం

స్విచ్ ఆపి ప్లగ్ తీసేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ తీయండి. కేసు ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకుని అప్పుడు డిస్క్ పట్టుకోండి.

- 3.5 అంగుళాల డిస్క్ స్క్రూలు, 2.5 అంగుళాల డిస్క్ స్క్రూలు వేరు. ఒకదానివి ఇంకోదానికి బలవంతంగా తిప్పితే మరలు పోతాయి. పొడుగు స్క్రూ లోపలికి దిగితే డిస్కే పోతుంది.
- డెస్క్‌టాప్ డిస్క్‌కి నాలుగు స్క్రూలూ బిగించండి. అదిరే డిస్క్ ఆయుష్షు తక్కువ.
- ఎస్ఎస్‌డీని డెస్క్‌టాప్‌లో పెట్టడానికి చిన్న బ్రాకెట్ దొరుకుతుంది.
- సాటా కేబుల్ కొత్తది వేయండి, క్లిప్ ఉన్నదైతే మంచిది.
- పవర్ సప్లైలో సాటా కనెక్టర్ లేక పాత నాలుగు పిన్నుల దాని నుంచి కన్వర్టర్ వాడాల్సి వస్తే, వైర్లు ప్లాస్టిక్‌లో పోతపోసి మూసేసిన చవక రకం వద్దు, లోపల వైర్లు ఒకదానికొకటి తగిలి కాలిపోయిన సందర్భాలున్నాయి. వైరు ఒక్కొక్కటీ విడిగా పిన్నులోకి నొక్కినట్టు కనిపించే రకం తీసుకోండి.
- ఐడీఈ డిస్కో, కన్వర్టరో ఉంటే మాస్టర్, స్లేవ్ జంపర్ సరిచూడండి.

కేసు ముందు వైపున్న గాలి ఫ్యాన్ దుమ్ము దులిపి డిస్క్ దాని ఎదురుగా పెట్టండి. వేసవిలో గదే 40 డిగ్రీలు దాటే మన ఊళ్లలో లోపల డిస్క్ 50 దాటడం పెద్ద విషయం కాదు. 45 లోపు ఉంచగలిగితే బాగు.

2011 ఆరంభంలో వచ్చిన హెచ్67, పీ67 బోర్డు ఉంటే ఒక సంగతి. ఆ చిప్‌సెట్ మొదటి విడతలో సాటా 2 పోర్టులు కాలక్రమంలో చెడిపోయే లోపముందని ఇంటెల్ ఆ ఏడు జనవరిలో ప్రకటించి సరుకు వెనక్కి తీసుకుంది. వెనక్కివ్వని బోర్డులు ఇంకా అక్కడక్కడా నడుస్తున్నాయి. డిస్క్‌ని మొదటి రెండు సాటా 3 పోర్టుల్లోనే పెట్టండి.

విండోస్‌ని క్లోన్ చేయాలా (పాత డిస్క్‌లో ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి దించాలా), కొత్తగా వేయాలా? పాత డిస్క్ ఆరోగ్యంగా ఉంటే క్లోనీజిల్లాతో క్లోన్ చేయొచ్చు. ఎర్రర్లున్న డిస్క్ నుంచి క్లోన్ చేస్తే పాడైన ఫైళ్లూ వెంట వస్తాయి, అప్పుడు కొత్తగా వేసుకోవడమే సుఖం. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి ఎలాగూ కొత్తగా వేస్తున్నాం అనుకుంటే విండోస్‌కి బదులు లైనక్స్ మింట్ గురించి కూడా ఆలోచించండి.

ఎక్స్‌పీ వేసేవాళ్లు పార్టిషన్‌ని ఎక్స్‌పీతో చేయకండి. అది 63వ సెక్టర్ నుంచి మొదలుపెడుతుంది, ఇప్పటి డిస్కుల 4కే సెక్టర్లతో అది పొసగక రాయడం బాగా నెమ్మదిస్తుంది. ముందు జీపార్టెడ్ అనే పార్టిషన్ ప్రోగ్రాంతోనో విండోస్ 7 డిస్క్‌తోనో పార్టిషన్ చేసి, ఆ తర్వాత ఎక్స్‌పీని అందులో వేయండి.

## 9. అడ్డం వచ్చే సమస్యలు

బయోస్‌లో డిస్క్ కనిపించట్లేదు. చెవి దగ్గర పెట్టి వినండి, తిరుగుతోందా? తిరగకపోతే పవర్ కేబుల్. తిరుగుతున్నా కనిపించకపోతే డేటా కేబుల్, తర్వాత వేరే పోర్టు, తర్వాత బయోస్‌లో ఆ పోర్టు డిసేబుల్ అయి ఉందేమో. ఎక్స్‌టర్నల్ నుంచి విప్పిన డబ్ల్యూడీ డిస్క్ అసలు తిరగకపోతే సాటా పవర్‌లో మూడో పిన్ను కారణం కావచ్చు, నాలుగు పిన్నుల కన్వర్టర్‌తో ఇస్తే లేస్తుంది.

నీలి తెర మీద 7బీ ఎర్రర్. సాటా మోడ్ మారింది. పాత సిస్టమ్‌లో బోర్డు మీద బిళ్ల బ్యాటరీ, సీఆర్2032, అయిపోయి ఉంటే ప్లగ్ తీసినప్పుడు బయోస్ సెట్టింగులన్నీ మొదటికొస్తాయి. మొదట్లో తీసిన ఫోటో చూసి అదే మోడ్ పెట్టండి, బ్యాటరీ కూడా మార్చేయండి. ఎక్స్‌పీకి ఏహెచ్‌సీఐ డ్రైవర్ లేదు కాబట్టి ఐడీఈ మోడ్ ఉండాలి.

బయోస్‌లో ఉంది, విండోస్‌లో లేదు. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి ఇనిషియలైజ్ చేయండి. పాత బయోస్ బోర్డులో 2 టీబీ లోపు డిస్క్‌కి ఎంబీఆర్ (పాత రకం పార్టిషన్ పట్టిక) ఎంచుకోండి.

డాక్‌లో (డిస్క్‌ని బయటినుంచి యూఎస్‌బీతో కలిపే పెట్టె) ఫార్మాట్ చేశాను, లోపల పెడితే ఖాళీగా చూపిస్తోంది. కొన్ని యూఎస్‌బీ డాకులు సెక్టర్ సైజుని మార్చి చూపిస్తాయి. డిస్క్‌ని శాశ్వతంగా ఎక్కడ ఉంచుతారో అక్కడే ఫార్మాట్ చేసి, అప్పుడు డేటా ఎక్కించండి.

కొత్త డిస్క్ కాపీ మొదట వేగంగా, తర్వాత నత్తలా. ఎస్ఎంఆర్ అయి ఉంటుంది, ఐదో భాగం మళ్లీ చదవండి. దాన్ని బ్యాకప్‌కి మళ్లించి, విండోస్‌కి వేరేది చూసుకోవడం తప్ప మందు లేదు.

గంటకోసారి ఠక్కుమని ఆగి మళ్లీ తిరుగుతోంది. పవర్ సప్లై. కరెంటు తరచూ పోయే ఊళ్లో యూపీఎస్ కూడా పెట్టండి.

## 10. పాత డిస్క్‌ని ఏం చేయాలి?

వెంటనే పారేయకండి. కొత్తదానిలో నెల రోజులు పనిచేసి, అన్ని ఫైళ్లూ తెరుచుకుంటున్నాయని చూసేదాకా పక్కన ఉంచండి, ఏదో ఒక ఫోల్డర్ మర్చిపోయినట్టు అప్పుడే తెలుస్తుంది.

ఆ తర్వాత అమ్మినా, ఎవరికైనా ఇచ్చినా పూర్తి ఫార్మాట్ ఒకసారి చేసి ఇవ్వండి. క్విక్ ఫార్మాట్ చేసిన డిస్క్ నుంచి ఆధార్ కాపీలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు తీయడం పెద్ద విద్యేమీ కాదు. డిస్క్ తిరగని స్థితిలో ఉంటే ఫార్మాట్ కుదరదు కాబట్టి మూత విప్పి ప్లేట్లు పాడుచేశాకే ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి ఇవ్వండి. ల్యాప్‌టాప్ డిస్కుల్లో ప్లేట్లు చాలావరకు గాజువి, గుడ్డలో చుట్టకుండా సుత్తితో కొట్టకండి, ముక్కలు కళ్లలోకి ఎగురుతాయి.